పాత థ్రిల్లర్లు, కామెడీలు, దెయ్యం సినిమాలు: మావాళ్ళు అడిగే ప్రశ్నలు, నా జవాబులు

శ్రీకాకుళంలో మా ఇంటి డాబా మీద ఎండాకాలం ఆదివారాలు ప్రొజెక్టర్ పెట్టి పాత సినిమాలు వేసుకుంటాం. వచ్చేవాళ్ళు చుట్టాలు, ఇరుగుపొరుగు, వాళ్ళ పిల్లలు. సినిమా మారినా ప్రశ్నలు మారట్లేదు. ప్రతిసారీ మొదట్నుంచి చెప్పే ఓపిక లేక అన్నీ ఒకచోట రాసి పెట్టాను.

మీరేమైనా సినిమా విమర్శకులా? ఏ అర్హతతో చెప్తున్నారు?

కాదు. టికెట్టు కొనుక్కుని చూసినవాణ్ణి, అంతే. ఇక్కడ నక్షత్రాలు, మార్కులు ఉండవు. బాగుందంటే ఏ సీను వల్ల బాగుందో చెప్తాను. బాగోలేదంటే ఎక్కడ కునుకు పట్టిందో చెప్తాను. మీకు అక్కడ కునుకు పట్టకపోతే సంతోషమే.

పాత సినిమా అంటే ఏ ఏడాది వరకు?

రీళ్ళు పెట్టెల్లో సర్దుకుని బస్సు మీదో రైల్లోనో థియేటరుకి వచ్చిన సినిమా అయితే పాతది. హార్డ్‌డిస్కులోనో శాటిలైట్ మీదుగానో దిగింది కొత్తది. ఈ లెక్కన 2009 జనవరిలో వచ్చిన ‘అరుంధతి’ దగ్గర నేను గీత గీస్తాను. మా మేనల్లుడికి మాత్రం వాడు పుట్టకముందు వచ్చిందంతా పాతదే. వాడి లెక్కనీ కాదనలేం.

పాత థ్రిల్లర్ ఒక్కటీ చూడలేదు. దేనితో మొదలెట్టమంటారు?

‘క్షణక్షణం’తో. 1991లో రామ్ గోపాల్ వర్మ తీసింది, వెంకటేష్, శ్రీదేవి. చాలామంది ‘రాత్రి’తో మొదలెట్టి, పది నిమిషాలకి ఫోను తీసి, పాత సినిమాలు మనకి పడవని తేల్చేస్తారు. ‘క్షణక్షణం’లో ఆ ప్రమాదం లేదు. కథ రెండు ముక్కల్లో చెప్పొచ్చు: బ్యాంకు దోపిడీ సొమ్ముకి దారి చూపించే వస్తువొకటి ఏ పాపమూ ఎరగని అమ్మాయి చేతిలో పడుతుంది, దాని కోసం దొంగలూ పోలీసులూ ఆమె వెంట పడతారు. భయపడాల్సిన చోట నవ్విస్తుంది, నవ్వుతుండగా భయపెడుతుంది.

మా డాబా మీద ఎక్కువ మార్కులు పడింది పరేష్ రావల్ వేసిన నాయర్ పాత్రకి. విలనంటే కళ్ళెర్రజేసి అరవాలనుకునే పెద్దవాళ్ళు కూడా నాయర్ తన మనుషుల మీద విసుక్కుంటుంటే పడి పడి నవ్వారు. శ్రీదేవి సత్య పాత్ర మీద మాత్రం రెండు అభిప్రాయాలు. ప్రతిదానికీ ఏడుస్తోందని కుర్రాళ్ళు, అర్ధరాత్రి అడివిలో పడితే ఏ ఆడపిల్లయినా ఏం చేస్తుందిరా అని పిన్నులు. నేను పిన్నుల పక్షం. ఆ భయం అంత నిజంగా ఉంది కాబట్టే మిగతా సినిమా నమ్మబుద్ధవుతుంది.

ఇది నచ్చితే తర్వాత ‘మనీ’ (1993), ‘అనగనగా ఒక రోజు’ (1997). ‘మనీ’ తీసింది శివనాగేశ్వరరావు, నిర్మాత వర్మ. ఖాన్ దాదాగా బ్రహ్మానందం కనబడగానే మా పక్కింటి మాస్టారు కుర్చీలోంచి లేచి నించుంటారు. అది గౌరవమో, నడుం నొప్పో తెలీదు.

‘అన్వేషణ’ ఇప్పుడు చూసినా పనిచేస్తుందా?

చేస్తుంది. కాకపోతే చెవులతో చూడాలి. 1985లో వంశీ తీసిన ఈ సినిమాలో కథంతా అడివిలోనే. పక్షుల కూతలకీ సంగీతానికీ ఉన్న సంబంధం మీద పరిశోధన చేద్దామని భానుప్రియ వస్తుంది. అక్కడ మనుషులు వరసగా చచ్చిపోతుంటారు, పులి చంపుతోందని అందరూ అంటారు. కథలోనే పక్షి కూతలున్నాయి కాబట్టి ఇళయరాజాకి అడివి చప్పుళ్ళన్నీ వాయిద్యాలైపోయాయి. ఏ ఆకు కదిలినా అనుమానమే.

టీవీ సొంత స్పీకర్లలో ఇది సగం సినిమా. మంచి హెడ్‌ఫోన్లు పెట్టుకుని చూసిన మా చెల్లెలు మర్నాడు పొద్దున్న పిచ్చుక అరిచినా ఉలిక్కిపడింది.

మనవాళ్ళకి ఇంకో సరదా ఉంది. ఇందులో కనిపించే శరత్‌బాబు మన ఆమదాలవలసలో పుట్టినవాడు. ఆయన తెర మీదకి రాగానే ‘మనూరి గుంటడు’ అని ఒక కేక పడుతుంది. హంతకుడెవరో మాత్రం ఇక్కడ రాయను. ముందే కనిపెట్టేశామని చెప్పుకునేవాళ్ళలో సగం మంది రెండోసారి చూస్తున్నవాళ్ళు.

‘రాత్రి’ వేస్తే మా గుంటలు పకపకా నవ్వుతున్నారేటండి? మేం ఆ రోజుల్లో దుప్పటి ముసుగెట్టుకుని చూశాం!

ఈ ప్రశ్న ఒక్కో నెలలో నాలుగైదు నోళ్ళు అడుగుతాయి. తప్పు గుంటలదీ కాదు, సినిమాదీ కాదు. చాలాసార్లు తప్పు ట్యూబులైటుది.

1992లో వర్మ తెలుగులోనూ హిందీలోనూ తీసిన ఈ సినిమాలో రేవతికి దెయ్యం పడుతుంది. ఆ దెయ్యం ఆకారం మనకి కనబడేది చాలా తక్కువ. ఎక్కువసేపు కనబడేది ఖాళీ వసారా, మెట్లు, తలుపు, ఒక పిల్లి. కెమెరా మనిషి నడిచినట్టు ఇంట్లో తిరుగుతుంటుంది. అలా తిరుగుతున్నది కెమెరా కాదు, ఇంకెవరో అని మనకి తోచిన క్షణంలో భయం మొదలవుతుంది. ‘శివ’తో 1989లో తెలుగుకి స్టెడీక్యామ్ (ఒంటికి తగిలించుకుని కెమెరాని కుదుపు లేకుండా నడిపించే పరికరం) పరిచయం చేసిన దర్శకుడికి అలా కెమెరాని నడిపించడం బాగా తెలుసు. ఈ సినిమాకి ఛాయాగ్రాహకుడు తేజ, తర్వాత దర్శకుడైన తేజే.

అమెరికాలో సామ్ రైమీ అనే కుర్రాడు 1981లో ‘ఈవిల్ డెడ్’ తీసినప్పుడు స్టెడీక్యామ్‌కి డబ్బుల్లేవు. చెక్కపలక మధ్యలో కెమెరా బిగించి, చెరోవైపూ ఒకడు పట్టుకుని అడివిలో పరిగెత్తారు. ఆ పరుగే దెయ్యం చూపయింది. 1975 ‘జాస్’లో స్పీల్‌బర్గ్ చేయించిన యంత్రపు సొరచేప ఉప్పునీళ్ళలో మాటిమాటికీ చెడిపోయేది. అందుకని చేపని దాచి, నీళ్ళనీ సంగీతాన్నీ చూపించాడు. చేప సరిగ్గా పనిచేసి ఉంటే ఆ సినిమా అంత భయపెట్టేది కాదు.

డబ్బు లేకో, యంత్రం చెడిపోయో దాచిపెట్టాల్సి వచ్చినవాళ్ళే మనల్ని ఎక్కువ భయపెట్టారని నా నమ్మకం. ఇప్పుడు కంప్యూటర్లో దెయ్యాన్ని గోళ్ళతో సహా చూపించగలరు, చూపిస్తున్నారు కూడా. చూశాక కొలతలు తెలిసిపోతాయి. కొలతలు తెలిసినదానికి భయపడ్డం కష్టం.

కాబట్టి దీపాలు ఆర్పండి. ఫోన్లు ఒక బుట్టలో పడేయండి. పకోడీల పళ్ళెం ఇంటర్వెల్ వరకూ బయటికి తియ్యకండి. రేవతి సినిమా హాల్లో కూర్చున్న సీను వచ్చేసరికి గుంటలు నవ్వుతారో, పక్కవాడి చెయ్యి వెతుక్కుంటారో చూడండి. అప్పటికీ నవ్వితే నవ్వనివ్వండి. భయమేసినప్పుడు నవ్వేవాళ్ళూ ఉంటారు, మా బావ ఒకడు.

ఒక్కణ్ణే చూడొచ్చా?

చూడొచ్చు. తర్వాత వీధిగుమ్మం గడియ వేశావో లేదో చూడ్డానికి మాత్రం నువ్వే వెళ్ళాలి.

బ్లూటూత్ స్పీకర్ పెట్టాను, అయినా భయం రాలేదు. ఎందుకు?

కొన్ని స్పీకర్లలో చప్పుడు బొమ్మకంటే రవ్వంత వెనకబడుతుంది. పాటకి ఫరవాలేదు. తలుపు దభీమన్నాక చప్పుడొస్తే మాత్రం దెయ్యం సినిమా అక్కడితో అయిపోయినట్టే. వైరుతో కలపండి.

బి-గ్రేడ్ సినిమా అంటే బూతు సినిమానా? మా ఇంట్లో ఆ మాట అంటేనే కోప్పడుతున్నారు.

మనవైపు ఆ మాటకి అలాంటి చెడ్డపేరే వచ్చింది. పుట్టినచోట అలా కాదు. 1930లలో అమెరికా థియేటర్లలో ఒక టికెట్టుకి రెండు సినిమాలు వేసేవారు. పెద్ద తారలున్నది మొదటిది. జతగా వేసే చవక సినిమా రెండోది, అదే బి. తక్కువ రోజుల్లో, ఉన్న సెట్లలోనే తీసేసేవారు. మన పంపిణీదారులు చిన్న పట్టణాల్నీ పల్లెల్నీ బి సెంటరు, సి సెంటరు అనే లెక్కకీ దీనికీ చుట్టరికం లేదు. ఆ లెక్కన మన పాలకొండ, టెక్కలిలో ఆడిన పెద్ద హీరో సినిమాలన్నీ బి-సినిమాలైపోవాలి!

నేను మాత్రం ఒకటే చూస్తాను: తక్కువ డబ్బుతో, పెద్ద ఆశతో, సిగ్గుపడకుండా తీశారా లేదా. కె.ఎస్.ఆర్. దాస్ తీసిన విజయలలిత ‘రౌడీ రాణి’ (1970) ఆ కోవలోది. ఆడమనిషి గుర్రమెక్కి పగ తీర్చుకునే కథ ఆ రోజుల్లో ఎంతమంది తీశారు? కథలో బొక్కలున్నాయి, ఫైట్లలో దెబ్బ తగలకముందే కొందరు పడిపోతారు. అయినా ఎక్కడా ఆగదు. ఆగితే మనం ఆలోచిస్తామని దాస్‌గారికి తెలుసు.

హిందీలో ఈ బాపతుకి మహారాజులు రామ్సే సోదరులు. ఏడుగురు అన్నదమ్ములు పనులు పంచుకుని, పెద్ద తారల జోలికి పోకుండా తీసేవారు. ‘పురానా మందిర్’ (1984) ఒక్కటి చూస్తే చాలు, మిగతావి ఎలా ఉంటాయో తెలిసిపోతుంది. తెలిసినా మళ్ళీ చూస్తాం.

విఠలాచార్య సినిమాల్లో ఆ మాయలన్నీ కంప్యూటర్ లేకుండా ఎలా చేశారు?

నాకు అన్నిటికన్నా ఇష్టమైన ప్రశ్న ఇది. అడిగిన ఎనిమిదో తరగతి పిల్లకి రెండు జంతికలు ఎక్కువిచ్చాను.

మనిషి మాయమవ్వాలంటే: కెమెరా కదలకుండా బిగించాలి. మిగతా నటులు ఎక్కడివాళ్ళక్కడ బిగుసుకుపోవాలి. కెమెరా ఆపి, మాయమవ్వాల్సినవాడు తప్పుకున్నాక మళ్ళీ తిప్పాలి. తెర మీద చూస్తే టక్కున మాయం. మిగిలినవాళ్ళలో ఒకడి భుజం రవ్వంత కదిలినా దొరికిపోతారు. ఈసారి చూసేటప్పుడు మాయమయ్యేవాణ్ణి వదిలేసి పక్కవాళ్ళ భుజాలు చూడండి, భలే కాలక్షేపం.

ఒకే నటుడు ఇద్దరుగా కనబడాలంటే: లెన్సు ముందు సగం నల్లగా మూసి ఒకవైపు తియ్యాలి. ఫిల్ము వెనక్కి తిప్పి, రెండో సగం మూసి, ఇంకోవైపు తియ్యాలి. పొరపాటు చేస్తే రెండుసార్ల పనీ పోయినట్టే, ల్యాబుకి వెళ్ళి వచ్చేదాకా తెలియదు కూడా. ఇప్పుడు ఫోనులో వేలితో రుద్దితే అయిపోతున్న పని అది.

1978 నాటి ‘జగన్మోహిని’లో దెయ్యం పొయ్యిలో కట్టెలకి బదులు తన కాళ్ళే పెట్టి వంట చేసే సీను ఈ జిల్లాలో మూడు తరాలకి తెలుసు. సినిమా పేరు మర్చిపోయినవాళ్ళకీ ఆ సీను గుర్తుంది. మా మామ్మ అయితే పొయ్యి రాజెయ్యడానికి బద్ధకించే కోడళ్ళని ఆ దెయ్యంతోనే పోల్చేది. ఆలోచిస్తే ఆ సీనులో ఎంత గడుసుతనం ఉందో చూడండి: వికృతమైన మొహం లేదు, అరుపుల్లేవు. రోజూ ఇంట్లో చూసే పని, ఒక్కటే తేడా.

కథానాయకుడు డేట్లివ్వకపోతే విఠలాచార్య అతన్ని శాపం పెట్టి చిలకనో మేకనో చేసేసి షూటింగు కానిచ్చేస్తారని ఒక జోకు చాలాకాలంగా నడుస్తోంది. నిజమో కాదో పక్కన పెడితే, ఆయన ఖర్చు అదుపు మీద పరిశ్రమకున్న నమ్మకం అలాంటిది. నిడివి గురించి మాత్రం ముందే చెప్తున్నా: మధ్యలో హాస్యజంట పాట మొదలవగానే మంచినీళ్ళకి లేవొచ్చు, ఏమీ పోదు.

కృష్ణగారి గూఢచారి సినిమాలు, కౌబాయ్ సినిమాలు ఇంగ్లీషువాటికి నకళ్ళు కదా. చూడ్డం దండగ కాదా?

ప్రేరణ బయటిదే. దాచుకోలేదు కూడా. కానీ 1966లో వచ్చిన ‘గూఢచారి 116’ ఎంత దూరం వెళ్ళిందో చూడండి. దానికి కెమెరామన్ రవికాంత్ నగాయిచ్. ఆయనే మరుసటేడు అదే కథని హిందీలో ‘ఫర్జ్’గా తీస్తే జితేంద్ర స్టారైపోయాడు. అంటే బొంబాయి జేమ్స్‌బాండ్‌కి దారి చూపింది మద్రాసులో తీసిన తెలుగు సినిమా.

ఇక 1971 ‘మోసగాళ్ళకు మోసగాడు’. రాజస్థాన్ ఇసకలో గుర్రాలు, తుపాకులు, నిధి. దీని రచయిత ఆరుద్ర. విజయనగరం కాలేజీలో చదువుకున్న కవి, ‘సమగ్ర ఆంధ్ర సాహిత్యం’ రాసిన పండితుడు కౌబాయ్ సినిమా రాశాడంటే మా మాస్టారు ఒక పట్టాన నమ్మలేదు. డిటెక్టివు కథలన్నా ఆరుద్రకి అంతే మక్కువ. సాహిత్యం ఒక గదిలో, మసాలా ఇంకో గదిలో పెట్టుకుని తాళాలు వేసుకునేది మనం, ఆయన కాదు. 2023లో కృష్ణ పుట్టినరోజుకి దీన్ని 4కెలో మళ్ళీ విడుదల చేశారు. దొరికితే ఆ ప్రింటే చూడండి, ఇసక రంగు తెలుస్తుంది.

నా ఫిర్యాదు ఒక్కటే: పాటలు. నిధి పటం చేతిలో పెట్టుకుని ఎవడైనా డ్యూయెట్ పాడతాడా?

ఇంగ్లీషులో బాగా చెత్త సినిమా ఒకటి చెప్పండి.

‘ప్లాన్ 9 ఫ్రమ్ ఔటర్ స్పేస్’. ఎడ్ ఉడ్ 1950లలో తీశాడు. పేరున్న నటుడు బెలా లుగోసి కొంచెం ఫుటేజీ ఇచ్చి 1956లో చనిపోయాడు. మిగతా సీన్లలో ఆయన పాత్రని వేరే ఆయన వేశాడు, ఆయన వృత్తి వెన్నుపూసలు సర్దే వైద్యం. ఎత్తు తేడా, మొహం తేడా. అందుకని ఉత్తరీయం మొహానికి అడ్డం పెట్టుకునే నడుస్తాడు. మా డాబా మీద ఇంత నవ్వు ఏ కామెడీకీ రాలేదు.

చవకది, కానీ నిజంగా మంచిది కావాలంటే రొమేరో తీసిన ‘నైట్ ఆఫ్ ద లివింగ్ డెడ్’ (1968). చచ్చినవాళ్ళు లేచి రావడం, ఒక ఇంట్లో చిక్కుకున్న మనుషులు ఒకళ్ళతో ఒకళ్ళు కొట్టుకోవడం. పేరు మార్చినప్పుడు కాపీరైటు గుర్తు వెయ్యడం మర్చిపోయారు. దాంతో అమెరికాలో అది జనం సొత్తయిపోయింది. ఆ మతిమరుపు వల్లే అది అన్ని దేశాల్లో అన్ని టీవీల్లో తిరిగి పేరు తెచ్చుకుంది. పాపం, డబ్బు మాత్రం రాలేదు.

‘అమ్మోరు’ని దెయ్యం సినిమాల జాబితాలో పెట్టారేటి? కళ్ళు పోతాయి!

పెట్టలేదమ్మా, తీసేశాను. మా ఇంట్లోనే పెద్ద గొడవయింది.

నా ఉద్దేశం వేరు. 1995లో కోడి రామకృష్ణ తీసిన ఈ సినిమాలో పిల్లల్ని భయపెట్టింది అమ్మవారు కాదు, రామిరెడ్డి వేసిన మాంత్రికుడు. సౌందర్య మీదకి ఒక్కో కష్టం తోసుకొస్తుంటే మనకి పుట్టే ఆదుర్దా అచ్చం థ్రిల్లర్లోదే. కాకపోతే విజయనగరంలో పైడితల్లి సిరిమాను తిరిగే నేల ఇది, ఊరూరా గ్రామదేవతకి పండగ చేసే నేల. ఇక్కడ రమ్యకృష్ణ అమ్మవారిగా తెర మీదకొస్తే అది సినిమా అని ఎవరు గుర్తు పెట్టుకుంటారు? థియేటర్లలో హారతులు పట్టారని, ఆడవాళ్ళకి పూనకాలొచ్చాయని ఆ రోజుల్లో ఊరూరా చెప్పుకునేవారు. గ్రాఫిక్స్ ఇప్పటి కంటికి పాతబడ్డాయి, నమ్మకం పాతబడలేదు. భక్తి సినిమాగానే చూడండి. చెప్పులు డాబా మెట్ల దగ్గరే విడవమని మామ్మ ఆజ్ఞ.

చేతబడి, చిల్లంగి నిజంగానే ఉన్నాయా? సినిమాలో అంత వివరంగా చూపించారు కదా.

లేవు. సినిమాలో చూపించింది ఎర్రలైటు, పొగ, నిమ్మకాయలు. దీని మీద నవ్వులాట ఆడను. ఎందుకంటే చిల్లంగి పెట్టారన్న అనుమానంతో మన ఉత్తరాంధ్ర పల్లెల్లో మనుషుల్ని కొట్టిన, చంపిన కేసులు వార్తల్లోకి వచ్చాయి. బలైనవాళ్ళు తరచుగా పేదవాళ్ళు, ఒంటరి ముసలివాళ్ళు. జ్వరం తగ్గకపోతే ఆస్పత్రికి వెళ్ళాలి, పక్కింటి ముసలమ్మని అనుమానించకూడదు.

అందుకే మంత్రగత్తె అంటూ ఊరవతల ముసలామెని చూపించి, చివర్లో జనం ఆమెని కొడుతుంటే చప్పట్లు కొట్టించే సినిమాలు మా డాబా మీద వెయ్యను. ఎంత బాగా తీసినా సరే.

‘చంద్రముఖి’ దెయ్యం సినిమానా, కాదా?

కాదు, మనసు జబ్బు కథ. మూలం 1993 నాటి మలయాళం ‘మణిచిత్రతాళు’. అందులో చేసిన శోభనకి జాతీయ పురస్కారం వచ్చింది. జ్యోతిక బాగా చేసింది, కానీ రెండూ చూసినవాళ్ళు మలయాళం వైపే మొగ్గుతారు. నేనూ అంతే.

జంధ్యాల కామెడీలు నెమ్మదిగా ఉన్నాయని మా అబ్బాయి అంటున్నాడు. వాడితో ఎలా వేగాలి?

నెమ్మదిగా లేవు, మాటలు జోరుగా ఉన్నాయి. నెమ్మదిగా ఉన్నది కెమెరా. మీవాడు కళ్ళతో నవ్వడం అలవాటు చేసుకున్నాడు, జంధ్యాల చెవుల్ని నవ్విస్తాడు. ఒక చేత్తో ఫోను చూసుకుంటూ ఉంటే మాట జారిపోతుంది, మాట జారితే జోకు పోతుంది.

‘అహ నా పెళ్ళంట’ (1987) పెట్టండి. పిసినారి లక్ష్మీపతిగా కోట శ్రీనివాసరావు కోడిని ఎదురుగా వేలాడగట్టి, దాన్ని చూస్తూ ఉత్తన్నం తినే సీను దగ్గర మాట అర్థం కాకపోయినా నవ్వొస్తుంది. అక్కణ్ణుంచి మీవాడు అరగుండు బ్రహ్మానందం గొణుగుడు వినడం మొదలెడతాడు. విన్నాడంటే దార్లో పడ్డట్టే. బ్రహ్మానందం పదిమందికీ తెలిసింది ఈ పాత్రతోనే.

రెండోది ‘చంటబ్బాయి’ (1986). మల్లాది వెంకటకృష్ణమూర్తి నవల, చిరంజీవి డిటెక్టివ్ పాండురంగారావు. ‘ఖైదీ’ తర్వాత మాస్ హీరోగా వెలుగుతున్నవాడు తన మీద తానే నవ్వించుకునే పాత్ర వెయ్యడం చిన్న సాహసం కాదు. చాప్లిన్‌ని అనుకరించాడు, ఆడవేషం కట్టాడు. కానీ ఆ సినిమాని ఎత్తుకుపోయింది శ్రీలక్ష్మి. తన కవితలతోనూ వంటలతోనూ పత్రిక సంపాదకుడి ప్రాణం తీసే రచయిత్రి! మా వీధిలో కవితలు రాసే ఒకాయనకి ఆ సీన్లంటే నవ్వు రాదు, ఎందుకో అడక్కూడదు. డిటెక్టివ్ కథగా చూస్తే మాత్రం ఇది బిగువు తక్కువ, రెండో సగంలో సెంటిమెంటు ఎక్కువ.

విజయనగరంలో 1892లోనే ‘కన్యాశుల్కం’ ఆడారు. గిరీశం కోతలకి నవ్విన జనం వారసులం మనం. మాట మీద బతికే హాస్యం మనకి కొత్తగా నేర్పక్కర్లేదు, మీవాడి చేతిలో ఫోను తీసుకుంటే చాలు.

పాత కామెడీల్లో కొన్ని జోకులు ఇప్పుడు వింటే ఇబ్బందిగా ఉంది. నాకేనా?

మీకే కాదు. ‘లేడీస్ టైలర్’ (1986) తియ్యండి. వంశీ గోదావరి, ఇళయరాజా పాటలు, బట్టల సత్యంగా మల్లికార్జునరావు: ఇవన్నీ బంగారం. కానీ తొడ మీద పుట్టుమచ్చ ఉన్న ఆడపిల్ల కోసం ఊళ్ళో ఆడవాళ్ళని వెతికే కథకి ఇప్పుడు మా చెల్లెలు నవ్వదు. నవ్వాలని నేనూ అనను. లావుగా ఉన్నవాళ్ళ మీద, నత్తి ఉన్నవాళ్ళ మీద వేసిన జోకులు ఆ కాలం సినిమాల్లో దండిగా ఉన్నాయి. కాలాన్ని అడ్డం పెట్టి అన్నిటినీ సమర్థించక్కర్లేదు, ఒక జోకు కోసం సినిమాని పారేయక్కర్లేదు. ఇ.వి.వి. ‘జంబ లకిడి పంబ’ (1993) ఆడామగా పనులు తారుమారు చేసి, మగవాళ్ళ చేత అంట్లు తోమించింది. ఎగతాళి ఎవరి మీదో చెప్పడం కష్టమే, కానీ తోమినప్పుడల్లా మా పిన్ని చప్పట్లు కొడుతుంది.

ఇబ్బంది అక్కర్లేని కామెడీ కావాలంటే ‘ఏప్రిల్ 1 విడుదల’ (1991). అబద్ధాలతో బతికే రాజేంద్రప్రసాద్ నిజమే చెప్తానని ఒప్పందం రాసుకుని, ఆ నిజాలతో ఊరంతా తగువులు తెచ్చుకుంటాడు.

మన యాస మాట్లాడేవాడు ఎప్పుడూ కామెడీగాడో, రౌడీ పక్కవాడో అవుతాడెందుకు?

నాకూ ఇదే మంట. ‘ఏటి, ఎల్లిపోనావా’ అనగానే హాలంతా నవ్వాలని రాసినవాడి ఉద్దేశం. హీరో డాక్టరో కలెక్టరో అయితే కృష్ణా జిల్లా భాష, వాళ్ళింటి వంటవాడైతే శ్రీకాకుళం. మనం కూడా నవ్వేశాం, అది ఇంకో సంగతి. ఏడుపూ కోపమూ మన యాసలో ఎంత బాగుంటాయో తెలియాలంటే పాతవాటిలో వెతక్కండి, దొరకవు. 2020లో వచ్చిన ‘పలాస 1978’ చూడండి. నా గీత దాటిన సినిమా అయినా ఈ ఒక్క ప్రశ్నకి దాన్నే చెప్పాలి.

పిల్లలకి ఏవి చూపించొచ్చు?

పాత సర్టిఫికెట్టుని నమ్ముకోవద్దు. 1983 ముందు యు, ఎ రెండే ఉండేవి, ఆ ఏడాది యుఎ వచ్చింది. 2024 నుంచి యుఎని 7+, 13+, 16+ అని విడదీశారు. కాబట్టి నలభై ఏళ్ళ నాటి సినిమా మీద ఉన్న అక్షరం ఇప్పటి కొలత కాదు. మా పద్ధతి: విఠలాచార్య అందరికీ, ‘క్షణక్షణం’ పదేళ్ళు దాటినవాళ్ళకి, ‘రాత్రి’, ‘అరుంధతి’ హైస్కూలు పిల్లలకి. ‘అరుంధతి’లో పశుపతి గొంతు సోనూ సూద్‌ది కాదని, పి. రవిశంకర్ ఇచ్చిందని ముందే చెప్తే కొంతమంది పిల్లలకి భయం తగ్గింది. కొంతమంది ఇంట్లో ఆ గొంతు అనుకరించడం మొదలెట్టి అమ్మల చేత తిట్లు తిన్నారు.

నెట్‌లో దొరికిన ప్రింటులో మనుషుల తలలు తెగిపోయి, మొహాలు బల్లపరుపుగా ఉన్నాయి. ఏం చెయ్యాలి?

అది సినిమా తప్పు కాదు. 1974 ‘అల్లూరి సీతారామరాజు’ నుంచి తెలుగులో సినిమాస్కోప్ మొదలైంది, బొమ్మ బాగా వెడల్పు. దాన్ని పాత డబ్బా టీవీకీ వీడియో క్యాసెట్టుకీ పట్టించడానికి రెండు పక్కలా కోసేశారు. ఆ కోసిన ప్రింటునే ఇప్పుడు వెడల్పు టీవీకి సాగదీస్తే, లేదా పైనా కిందా మళ్ళీ కోస్తే మీరు చెప్పిన గతి పడుతుంది. ఇద్దరు మాట్లాడుకుంటుంటే ఒకడి ముక్కు మాత్రమే కనబడే సీన్లు ఇలా వచ్చినవే.

ముందు టీవీలో జూమ్, స్ట్రెచ్ తీసేయండి. యూట్యూబులో నిర్మాణ, ఆడియో సంస్థల సొంత చానెళ్ళలో అదే సినిమా ఇంకో ప్రింటు ఉందేమో చూడండి. పైనా కిందా నల్లపట్టీలున్నది దొరికితే సంతోషించండి, తెర వృథా అని తిట్టుకోకండి. చీకటి సీన్ల కోసం వివిడ్ మోడ్ ఆపండి.

క్లైమాక్స్ ముందే చెప్పేసే మా బావని ఏం చెయ్యాలి?

హిచ్‌కాక్ 1960లో ‘సైకో’ విడుదల చేసినప్పుడు సినిమా మొదలయ్యాక ఎవర్నీ లోపలికి రానివ్వొద్దని థియేటర్లకి గట్టిగా చెప్పాడు. చూసినవాళ్ళు ముగింపు బయట చెప్పొద్దని ప్రకటనలిచ్చాడు. ఆ స్నానాలగది సీనులో పారేది రక్తం కాదు, చాక్లెట్ సిరప్. నలుపు తెలుపులో తేడా తెలియదు. ఈ ముక్క చెప్పినా ఆ సీనుకి ఏమీ నష్టం లేదు, ముగింపు చెప్తేనే నష్టం.

మీ బావ విషయంలో ప్రకటనలతో పని జరగదు. ఆయన చూడని సినిమా వెయ్యండి. 1967లో ఏవీయం తీసిన ‘అవే కళ్ళు’ ఉంది, కృష్ణ, కాంచన, పెద్ద బంగళా, వరస హత్యలు. నేటి కుర్రాళ్ళలో చూసినవాళ్ళు తక్కువ. ఆయన చూశానంటే హంతకుడెవరో కాగితం మీద రాసి మడిచి ఇమ్మనండి, ఆఖర్న విప్పుదాం.